పల్లెత్రోవలు – సైకిలు ప్రయాణము



ఈ సాయంకాలము నేను తమతో ముచ్చటింపదలచిన విషయము మిక్కిలి చిన్నది. ఒక పల్లె నుండి మఱియొక పల్లెకు పోవు చిన్న త్రోవను గూర్చియు, ఆ త్రోవపై సాగు సైకిలును గూర్చియు నాలుగు మాటలు చెప్పవలెనని నా సంకల్పము. ఇదియు నొక ప్రసంగ విషయమేనా యని కొందఱు నవ్వవచ్చును. కాని ఒక వృద్ధుడు నన్నడిగిన ప్రశ్న ఈ ప్రసంగమునకు కారణమైనది. ఆ సంగతి ముందుగా మనవి చేసెదను.

కొంతకాలము క్రిందట మిర్యాలగూడ ప్రాంతమున ఒక పల్లెలో, రావిచెట్టు నీడను సైకిలు నిలిపి మంచినీళ్ళడిగితిని. అరుగుపై కూర్చున్న పెద్దమనిషి నన్ను ఎగాదిగ చూచి, "బిడ్డా, ఈ వయసున సైకిలు త్రొక్కుచున్నావు, మోటారు బండి కొన శక్తి లేకనా?" యని అడిగెను. శక్తి లేక కాదనియు, తీరికగా పల్లెలు చూచుచు పోవుట నాకిష్టమనియు చెప్పితిని. ఆయన నవ్వి, కొంతసేపు ఊరకుండి ఇట్లనెను: "మా త్రోవ మట్టిబాటగా నున్న దినములలో మా బిడ్డలు సైకిలుపై బడికి పోయి వచ్చిరి. ఇప్పుడు మంచి తారురోడ్డు పడినది. పడిన నాటి నుండి మా మనుమరాలిని సైకిలుపై పంపుటకు మాకు ధైర్యము చాలకున్నది. రోడ్డు బాగుపడినదా, చెడినదా? నీవే చెప్పుము."

ఆనాడు నేను సమాధానము చెప్పలేకపోతిని. ఈనాడు ప్రయత్నించెదను.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అను మూడు పట్టణములను మూడు గీతలతో కలిపినచో ఒక త్రికోణ మేర్పడును. సూర్యాపేట నుండి మునగాల మీదుగా కోదాడకు పోవు భుజము హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి. దీనికి పూర్వము 9వ నంబరుండెడిది. ఇప్పుడు 65వ నంబరు. గోలకొండ నుండి మచిలీబందరునకు వర్తకులు నడచిన దిక్కు ఇదియే. కోదాడ నుండి హుజూర్‌నగరు, నేరేడుచర్లల మీదుగా మిర్యాలగూడకు వచ్చు భుజము 167వ నంబరు జాతీయ రహదారి. మూడవ భుజము మిర్యాలగూడ నుండి సూర్యాపేటకు పోవు రోడ్డు. ధాన్యపు లారీలు, సిమెంటు లారీలు, బస్సులు, కార్లు రేయింబవళ్ళు ఈ అంచులపై పరుగెత్తుచుండును. అంచులపై సైకిలునకు సుఖము లేదు. సుఖమంతయు త్రికోణము యొక్క గర్భముననే కలదు.

ఆ గర్భమున పారునది నాగార్జునసాగరు ఎడమ కాలువ. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు సాగరునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదలిరి. ఎడమ కాలువకు లాల్‌బహదూరు కాలువయని పేరు పెట్టిరి. అంతకుముందు ఆముదము, జొన్న, కంది పండిన మెట్టభూములనేకము ఆ నీటితో వరిమళ్ళయినవి. మిర్యాలగూడ బియ్యపు మిల్లుల పట్టణమైనది. వేములపల్లి దిక్కున, మునగాల, నడిగూడెము దిక్కున ఈ కాలువను చూడని వారుండరు.

సైకిలువానికి కాలువతో ఒక ప్రత్యేకమైన స్నేహము కలదు. నీరు పల్లమెఱుగునని మన పెద్దల మాట. కాలువ త్రవ్విన ఇంజనీర్లు నీరు కొద్దికొద్దిగా మాత్రమే దిగునట్లు, మిట్టలను చుట్టి వంపులు తిప్పి దానిని నడిపింతురు. కాలువ మిట్ట నెక్కదు. కనుక దాని కట్టపై బాట యున్నంతవఱకు సైకిలువాడును మిట్ట నెక్క నక్కఱ లేదు. కాలు నొవ్వదు, ఊపిరి బరువెక్కదు. ప్రక్కను నీటిచప్పుడు, రెండవ వైపున తాళ్ళు, ఈతచెట్లు, వరిమళ్ళలో తెల్లని కొంగలు. అయితే కట్టబాట అంతటను ఒకే తీరున నుండదు; కొన్ని యెడల గండ్లు, కొన్ని యెడల సర్కారు తుమ్మ పొదలు అడ్డుపడును. ఆ తుమ్మముల్లును, పల్లేరుకాయయు సైకిలునకు జన్మవైరులు. ట్యూబునకు అతుకు వేయు సామగ్రియు, చిన్న పంపును వెంట నుంచుకొనని వాడు చల్లపూట బయలుదేఱి నడిఎండలో బండి నడిపించుకొని ఇల్లు చేరును.

ఈ ప్రాంతమున చూడదగిన చోట్లు చాలవఱకు చిన్న త్రోవల చివరనే యున్నవి. సూర్యాపేటకు సమీపమున పిల్లలమఱ్ఱి కలదు. కాకతీయుల నాడు రేచర్ల వంశపు నాయకులు కట్టించిన శివాలయములచ్చట నిలిచియున్నవి. మిర్యాలగూడ దిక్కున, కృష్ణయు మూసియు కలియు చోట వాడపల్లి కలదు. హుజూర్‌నగరునకు ఆవల కృష్ణ ఒడ్డున మట్టపల్లి నరసింహస్వామి వెలసియున్నాడు. కారులో పోవువాడు గుడిని మాత్రము చూచును. సైకిలుపై పోవువాడు గుడికి పోవు త్రోవను కూడ చూచును: ఏ చెఱువు నిండినది, ఏ ఊర నాట్లు ముగిసినవి, ఎవరి ఇంటి ముందు పందిరి వేసిరి, అన్నియు వానికి తెలియును. అతని వేగము కుశల మడుగుటకు వీలయిన వేగము. కొత్తమనిషి ఊరిలోనికి వచ్చినచో "ఏ ఊరు నాయనా?" యని అడుగుట మన యాచారము. కారును అట్లడుగువారెవరు?

ఈ యంత్రము మనకు పరాయిదైనను, మన పల్లె దీనిని శీఘ్రముగనే తనదిగా చేసికొనెను. నేడు మనము చూచు రూపమునకు మూలమైన సైకిలును, రెండు చక్రములు ఇంచుమించు సమానమై, పెడళ్ళు గొలుసు ద్వారా వెనుక చక్రమును త్రిప్పునట్టి దానిని, ఇంగ్లండులోని కావెంట్రీ పట్టణమున జాన్ కెంప్ స్టార్లీ 1885లో ప్రచారములోనికి తెచ్చెను. అప్పటి చక్రములకు గట్టి రబ్బరు పట్టీ యుండుటచే రాళ్ళబాటపై ఎముకలు కదలెడివి. 1888లో బెల్ఫాస్టు పట్టణమున డన్‌లపు అను పశువైద్యుడు తన కుమారుని మూడుచక్రముల బండి మెత్తగా పోవుటకై గాలి నింపిన రబ్బరు గొట్టమును చక్రమునకు చుట్టెను. ఒక తండ్రి తన బిడ్డ సుఖమునకై చేసిన పని లోకమునకంతకు ఉపకరించెను.

మన పల్లెలలో సైకిలు చేయని పని లేదు. తపాలా బంట్రోతు దానిపై వచ్చెను. కల్లుగీత కార్మికుడు కుండలు కట్టుకొని దానిపైననే పోయెను. పాలవాడు, బట్టల మూటవాడు, ఐసుఫ్రూటువాడు, కత్తులు సానబట్టువాడు, అందఱును దానినే నమ్ముకొనిరి. గంటకింతయని అద్దెకు తెచ్చిన పెద్దసైకిలుపై, కాలందక, చట్రము నడుమ నుండి కాలు దూర్చి అడ్డతొక్కుడు త్రొక్కని బాలుడు ఆ దినములలో ఉండెడివాడా? తెలంగాణ సాయుధపోరాటమునకు నాయకులలో నొకరైన పుచ్చలపల్లి సుందరయ్యగారు పార్లమెంటు సభ్యులైన పిదప కూడ ఢిల్లీలో సభకు సైకిలుపై పోయిరి. పదవికిని వాహనమునకును సంబంధము లేదని ఆయన నడవడియే చెప్పినది.

ఇక వృద్ధుని ప్రశ్నకు వచ్చెదను. మంచి రోడ్డు వచ్చి సైకిలును వెళ్ళగొట్టుట మన యొక్క పల్లెకే పట్టిన కష్టము కాదు. సైకిలు పుట్టినింటనే ఇది మొదట జరిగినది.

ఇంగ్లండులో సైకిలు యాత్రికుల సంఘము 1878లో ఏర్పడెను. అప్పటి బాటలు దుమ్ముతోను, గుంటలతోను నిండియుండెను. సైకిలువారు 1886లో రోడ్ల అభివృద్ధికై ప్రత్యేకముగా ఒక సంఘమును స్థాపించి, బాటలు చదును చేయుమని అధికారులకు నచ్చచెప్పిరి. మోటారుకార్లు ఆ దేశమున కనబడుటకు ముందే జరిగిన పని యిది. బాటలు క్రమముగా బాగుపడెను. బాగుపడిన బాటలపైకి మోటారుకార్లు వచ్చెను. తుదకు, రోడ్లకై పాటుపడిన సైకిలువారే ఆ రోడ్లపై భయపడుచు పోవలసిన దినము వచ్చెను. చెఱువు త్రవ్వించినవానికి నీరు దొరకనట్లయినది.

అప్పుడు వారు పెద్దరోడ్లు విడిచి పల్లెసందులను ఆశ్రయించిరి. ఆ దేశపు పల్లెత్రోవలు ఇరుకైనవి. రెండు వైపుల పచ్చని కంచెచెట్లు దడికట్టినట్లుండును. కొన్ని యెడల తరతరముల బండ్ల రాకపోకలచేతను, వాననీటి చేతను బాట అరిగి నేలమట్టమునకు దిగువగా పోయినది. చాల కూడళ్ళయందు ఏ ఊరెంత దూరమో చెప్పు చేతిపలక యుండును. ఆదివారము నాడు ముసలివారు, పడుచువారు, భార్యాభర్తలు ఆ త్రోవల వెంట పది కోసుల దూరము పోయి, ఏ పల్లెలోనో తేనీరు త్రాగి, సాయంకాలమునకు ఇల్లు చేరుట అచ్చటి వారికొక వేడుక.

కాని కార్లు పల్లెత్రోవలను కూడ విడువలేదు. అందుచే ఆ దేశపు పార్లమెంటు 2000 సంవత్సరపు రవాణా చట్టమున ఒక నియమము చేర్చెను. స్థానికాధికారులు గ్రామస్థుల యభిప్రాయము తెలిసికొని, వాహనములు తక్కువగా తిరుగు చిన్నరోడ్డును "ప్రశాంతపు త్రోవ" యని ప్రకటింపవచ్చును. అచ్చట కారు పోగూడదని నిషేధము లేదు. నడచువాడు, సైకిలువాడు, గుఱ్ఱపువాడు, కారువాడు, నలుగురును ఆ త్రోవకు సమాన హక్కుదారులని గుర్తుపలక చెప్పును. కారువాడు తాను అతిథినని తలచి మెల్లగా పోవలెను. చట్టము కంటె గ్రామస్థుల సమ్మతియే దానికి బలము.

ఇచ్చటనే మన వృద్ధుని ప్రశ్నకు సమాధానము దొరకుచున్నది. ఆ మట్టిబాట ప్రశాంతముగా నుండుట ఎవరో కాపాడుటచేత కాదు. గుంటలే దానిని కాపాడినవి. గుంటలు పూడినవి, కావలి పోయినది. రోడ్డు చెడలేదు. రోడ్డుతో పాటు రావలసిన కట్టుబాటు రాలేదు. గుంట చేసిన పనిని ఇకమీదట ఊరు చేయవలెను.

వేగమనగా నేమో లెక్కతో చూతము. బ్రిటిషు ప్రభుత్వము వారి రహదారి నియమావళి ప్రకారము, అపాయము చూచి బ్రేకు వేసినప్పుడు గంటకు 32 కిలోమీటర్ల వేగమున పోవు కారు నిలుచుటకు 12 మీటర్లు పట్టును. 64 కిలోమీటర్ల వేగమున 36 మీటర్లు. 96 కిలోమీటర్ల వేగమున 73 మీటర్లు. వేగము మూడింతలైన, నిలుచు దూరము ఆఱింతలైనది. 12 మీటర్లలో నిలుచు బండిని మన పల్లె మలుపు భరించును. 73 మీటర్లు కావలసిన బండికి మన ఊరి మలుపులో చోటెక్కడ? ఎద్దుబండి, గొఱ్ఱెల మంద, బడిపిల్ల, ఏది యెదురైనను ఆ బండి నిలువజాలదు.

ఈ భయము వలన కలుగు నష్టము సైకిలు ముచ్చట పోవుట మాత్రమే కాదు. 2006లో బీహారు ప్రభుత్వము తొమ్మిదవ తరగతి చదువు బాలికలకు సైకిలు కొనుటకు ధనమిచ్చు పథకమును ప్రారంభించెను. కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు దాని ఫలితమును పరిశీలించి, ఉన్నతపాఠశాలలో బాలికల చేరిక 32 శాతము పెరిగెనని వ్రాసిరి. బడి మూడు కిలోమీటర్లకు మించి దూరముగా నున్న పల్లెలలోనే ఎక్కువ మేలు జరిగెనట. మన పొరుగున తమిళదేశములో, పుదుక్కోట్టై జిల్లాలో 1990 తరువాతి సంవత్సరములలో జరిగిన అక్షరాస్యతా ఉద్యమమున, కలెక్టరు శ్రీమతి షీలారాణి చుంకత్ గారి ప్రోత్సాహముతో వేలకొలది పల్లెస్త్రీలు సైకిలు నేర్చిరి. నీటికుండలు, బిడ్డలు, కూరగాయల గంపలు వారి సైకిలుపైకెక్కినవి. ఒకరిని అడుగకుండ, బస్సు కొఱకు కాచుకొనకుండ, తన పనికి తాను పోగల్గుట స్త్రీకి ఎంత బలమో ఆ జిల్లా చూపినది.

కావున త్రోవపై భయమున్నచో ముందుగా బడి మానునది బాలిక. బాలునికి ఎట్లో ఒక మోటారు బండి వెనుక చోటు దొరకును. "దూరము, త్రోవ మంచిది కాదు" అను మాట బాలిక విషయముననే వినబడును. ఎనిమిదవ తరగతితో ఆమె చదువు నిలిచినచో ఆ తప్పు రోడ్డుపై వేయుదుమా, మనపై వేసికొందుమా?

అయిన చేయదగిన పనులేవి? పెద్ద ఖర్చు లేనివి, గ్రామపెద్దల మాటతో జరుగదగినవి కొన్ని మనవి చేసెదను.

మొదటిది, ఊరు మొదలగు చోటను, బడి యెదుటను వేగనిరోధకము లుండవలెను. ఇష్టము వచ్చినట్లు మట్టిగుట్ట పోసినచో సైకిలువాడే ముందు పడును. రోడ్ల శాఖవారి అనుమతితో, తగిన ఎత్తులో కట్టించి, తెల్లరంగు గీతలు వేయించి, ముందుగా హెచ్చరిక పలక నాటించవలెను.

రెండవది కొంచెము నిష్ఠురమైన మాట. కోతల కాలమున మన రోడ్లపై వడ్లు ఆరబోయుదుము. యంత్రముతో కోసిన పచ్చివడ్లకు ఎండ కావలెను. రైతుకు కల్లము లేదు. అతని కష్టము నాకు తెలియును. పగటివేళ వడ్లపై సైకిలు చక్రము జారును. అంతకంటె అపాయము రాత్రియందు: నల్లని పట్టా కప్పి, చుట్టును రాళ్ళు పేర్చి రైతు ఇంటికి పోవును, చీకటిలో వచ్చువానికి పట్టాయు తారును ఒక్కటిగనే కనబడును. వడ్లు ఎత్తిన పిదప రాళ్ళు అచ్చటనే మిగులును. ఊరి మధ్య ఉమ్మడి కల్లములు కట్టించుకొనుట మేలు. అంతవఱకు, మలుపులో ఆరబోయరాదనియు, రోడ్డున సగము విడువవలెననియు, రాత్రి దీపమో, మెఱయు పట్టీయో లేక కుప్ప యుంచరాదనియు, రాళ్ళు తీయుట రైతు బాధ్యత యనియు గ్రామసభలో నిశ్చయించుకొనవచ్చును.

మూడవది, ట్రాక్టరు తొట్టెల వెనుక ఎఱ్ఱగా మెఱయు పట్టీ అంటించుట. దాని ఖరీదు కొద్ది. అది కాపాడు ప్రాణము వెలలేనిది. సైకిలు వెనుకను అట్టి పట్టీయే యుండవలెను.

నాల్గవది నీడ. హైదరాబాదులో బాహ్యవలయ రహదారి ప్రక్కను 23 కిలోమీటర్ల సైకిలు బాటకు సౌరఫలకములతో కప్పు వేసి 2023లో ప్రారంభించిరి. నగరమునకు అది తగియున్నది. మనకు కప్పు వేయువారు వేపయు, కానుగయు, చింతయు, మఱ్ఱియు. ఊరి నుండి బడి వఱకు గల త్రోవకు రెండు వైపుల చెట్లు నాటి, మూడు వేసవులు నీరు పోసినచో, ఆ కప్పు మన మనుమల కాలమునకు కూడ నిలుచును.

ఐదవది, సైకిలువారికి మనము నేర్పవలసిన మర్యాద. ఎడమప్రక్కనే పోవలెను. ముగ్గురు వరుసగా మాటలాడుచు పోరాదు. గంట మ్రోగవలెను, బ్రేకు పట్టవలెను. పశువులెదురైన దిగి నిలువవలెను. కాలువ కట్టపై, నీరు నిండుగా పాఱు దినములలో, పిల్లలను ఒంటరిగా పంపరాదు. జాతీయ రహదారిని దాటవలసి వచ్చినచో సైకిలు దిగి, నడిపించుకొని, నిర్ణయించిన చోటనే దాటవలెను.

పెద్దలారా! పూర్వము సూర్యాపేట నుండి కోదాడకు పోవువాడు నైజాము రాజ్యమున బయలుదేఱి, నడుమ మునగాల పరగణాలో ఇంగ్లీషువారి మద్రాసు రాజధానిని త్రొక్కి, మరల నైజామును ప్రవేశించెడివాడు. ఆ యెల్లలు చెఱిగిపోయినవి. ఆ పల్లెల నడుమ త్రోవలు మాత్రము నిలిచినవి. ప్రభుత్వములు మారినను త్రోవ నిలిచినదనగా, దానిని ఊళ్ళు తమ పాదములతో నిలిపినవని యర్థము. పాదములతో నిలిపిన త్రోవను కట్టుబాటుతో నిలుపుకొనుట మనకు కష్టమా?

ఆ వృద్ధునకు నా సమాధాన మిది: "తాతా, మీ రోడ్డు చెడలేదు, సగము మాత్రమే పూర్తియైనది. తారు పోయుట గుత్తదారు పని. ఆ పని ముగిసినది. పన్నెండేండ్ల పిల్ల భయము లేక దానిపై సైకిలు త్రొక్కి బడికి పోయి, ప్రొద్దు గ్రుంకక మునుపు ఇల్లు చేరిన నాడు రోడ్డు పూర్తియైనట్లు. ఆ మిగిలిన సగము మీ అరుగు మీద కూర్చున్న వారి పని."

వచ్చు ఆదివారము, ప్రొద్దు పొడుచు వేళ, మీ ఇంట మూల నున్న పాత సైకిలునకు గాలి కొట్టించి, గొలుసునకు రెండు చుక్కల నూనె వేసి, పొరుగూరి వఱకు పోయి రండు. త్రొక్కలేనివారు నడచి పోవచ్చును. ఏ మలుపున భయము కలిగినదో, ఏ చోట నీడ లేకపోయెనో గుర్తుంచుకొని, ఆ మాటను గ్రామసభలో చెప్పుడు.